గ్రీజు నాటకం

మొన్న ఆదివారం మా మనవరాలు రాయపూర్ నుంచి దిగబడింది. అక్కడ కాలేజీలో చదువుతోంది. చదువుకంటే నాటకాలే ఎక్కువ వేస్తోందని వాళ్ళమ్మ బాధ. వచ్చీ రాగానే నా బీరువా తలుపులు బార్లా తెరిచి, "నానీ, పురానీ పట్టుచీర ఒకటి ఇవ్వు, గ్రీక్ డ్రెస్ కుట్టాలి" అంది. మా ఇంట్లో మూడో తరం తెలుగు ఇంతే, చీర తెలుగులోనూ దాని పాతదనం హిందీలోనూ ఉంటాయి. ఎందుకే అని అడిగితే చెప్పింది. వేల ఏళ్ళ కిందటి గ్రీకు విషాద నాటకాల్లో మొగుళ్ళని చంపినవాళ్ళు, పిల్లల్ని చంపుకున్నవాళ్ళు, రాజు మాట కాదని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు కదా, ఆ ఆడవాళ్ళందరూ ఈ కాలంలో ఒక బ్యూటీ పార్లర్‌లో కలుసుకుంటే ఎలా ఉంటుందన్నది కథట. నవ్వుల నాటకమట. "బిల్కుల్ నయా ఐడియా నానీ, మన దేశంలో ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు" అని కళ్ళు పెద్దవి చేసింది. నాకు నవ్వాగలేదు. పట్టుచీర తీసి చేతిలో పెట్టి, "మా కాశత్త ఎప్పుడో చేసేసిందే, ఇదే భిలాయిలో. అందులో రాజు వేషం నాది" అన్నాను. పిల్ల నమ్మలేదు. కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది.

అప్పట్లో మాది సెక్టర్ నాలుగులో రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చిన్న దొడ్డి ఉన్న క్వార్టరు. నాన్నకి స్టీలు ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేసులో పని. ఇంట్లో గడియారం ఉండేది కానీ దాని మొహం ఎవరూ చూసేవారు కాదు, ప్లాంటు భోంపూ కూతే మాకు టైము. మొదటి కూతకి అమ్మ దొడ్లో సిగిడీ రాజేసేది. ఆ బొగ్గుల పొగ, గాలి మళ్ళినప్పుడల్లా కోక్ ఓవెన్ల వైపు నుంచి వచ్చే కుళ్ళిన కోడిగుడ్ల కంపు, వాటి మధ్యలోంచి దూసుకొచ్చే ఇంగువ పోపు, ఈ మూడూ కలిసిన వాసన వస్తే తెల్లవారినట్టు. ఆరేసిన బట్టల మీద ఎర్రటి ధూళి పడేది. డాబా మీద పెట్టిన గుమ్మడి వడియాలు సాయంత్రానికి గులాబీ రంగుకి తిరిగేవి. విజయనగరం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా నాయనమ్మ అవి తిని, ఈ దేశంలో గుమ్మడికాయలే ఎరుపు కాబోలు అనుకుని, విత్తనాలు కొంగున కట్టుకుని మరీ వెళ్ళింది.

కాశీ అన్నపూర్ణ అని నాన్నకి ఆఖరి చెల్లెలు. మాకు కాశత్త. ఇంటర్మీడియట్ పాసైంది. పెళ్ళయిన రెండో ఏడే మొగుడు జ్వరంతో పోతే నాన్న వెళ్ళి తనతో తీసుకొచ్చేశాడు. ఆవిడ గొంతు ఎంత చిన్నదంటే, అన్నం తిన్నావా అని అడిగితే తిన్నదో లేదో పళ్ళెం చూసి తెలుసుకోవలసిందే. ఒక్క కథలు చెప్పేటప్పుడు మాత్రం ఆ గొంతు కాస్త లేచేది. మధ్యాహ్నాలు అప్పడాలు ఒత్తుతూ, కాలేజీలో ఇంగ్లీషు మేష్టారు చెప్పిన గ్రీకు కథలు మాకు చెప్పేది. ఆ మేష్టారు చెబుతూ చెబుతూ తనే ఏడ్చేసి పాఠం సగంలో ఆపేసేవారట, అందుకని కొన్ని కథలకి అత్త దగ్గర ముగింపులు లేవు. పేర్లు సగం ఆవిడే మర్చిపోయింది, గుర్తున్నవి మా నోళ్ళలో తిరగవు. పదేళ్ళు యుద్ధం చేసి ఇంటికొచ్చిన మొగుణ్ణి స్నానాల గదిలో చంపినావిడకి నీళ్ళమ్మ అని పేరు పెట్టుకున్నాం. మొగుడు ఇంకో పెళ్ళికి సిద్ధపడితే ఆ కోపంలో కన్నబిడ్డల్నే చంపుకున్నావిడ పిల్లలమ్మ. రాజు వద్దన్నా వినకుండా, చచ్చిపడున్న అన్న మీద గుప్పెడు మట్టి వేసి శిక్షకి సిద్ధపడిన పిల్ల మట్టమ్మ. మాకు వాళ్ళు గ్రీకువాళ్ళలా అనిపించేవారు కాదు, మా సెక్టర్లోనే రెండు వీధుల అవతల కాపురం ఉంటున్నట్టు ఉండేది.

మా తెలుగు సంఘం నాటకాల్లో అప్పటిదాకా ఆడవేషాలన్నీ మగవాళ్ళవే. ఆ ఏడాది నాయిక వేషం వేసిన రోలింగ్ మిల్లు ఫిట్టరు మీసం తీయనని మొండికేసి, నాటకం పొడుగునా పైటచెంగు మూతికి అడ్డం పెట్టుకునే నడిపించాడు. ఏడుపు సీనులో చెంగు జారింది. ఇంటికొచ్చాక కూడా అమ్మ నవ్వు ఆపుకోలేక, "ఈసారి మనమే ఏసీసుకుంటే పోలేదా? మగ ఏషాలు కూడా మనమే ఏసీద్దుం. మనకి మీసాలు అతికించుకోడం ఆళ్ళకి గీసుకోడం కంటే సులువు" అంది. అమ్మ ఎగతాళికే అంది. కాశత్త మాత్రం ఆ రోజునుంచే రాయడం మొదలుపెట్టింది.

నీళ్ళమ్మ మొగుణ్ణి అత్త ట్రైనింగు కోసం రష్యా పంపింది. మా ప్లాంటు నుంచి అలా వెళ్ళొచ్చినవాళ్ళు వీధికి ఒకరుండేవారు. ఆ మొగుడు బొచ్చుటోపీ పెట్టుకుని తిరిగొచ్చి, ప్రతిదానికీ థాంక్స్‌కి బదులు స్పసీబా అంటూ, ఇంట్లో ఉన్నవన్నీ అక్కడివాటి కంటే తక్కువరకం అంటూ పెళ్ళాన్ని వేపుకుతింటాడు. ఆవిడ ఓపిక పట్టి పట్టి, చివరికి స్నానానికి వేడినీళ్ళు తోడమంటే డిసెంబరు చలిలో చన్నీళ్ళు కుమ్మరిస్తుంది. పిల్లలమ్మ పిల్లల్ని చంపదు. అంతకంటే ఘోరం చేస్తుంది. వేసవి సెలవుల్లో ఇద్దరు మగపిల్లల్నీ సంచులతో సహా మొగుడి కొత్త పెళ్ళాం క్వార్టరుకి పంపిస్తుంది. మట్టమ్మ కథ మాత్రం అత్త ఎక్కువ మార్చలేదు. అన్నదమ్ములిద్దరు చెరో యూనియన్‌లో చేరి తన్నుకుంటారు. ఓడినవాడికి ఇంట్లో మెతుకు పెట్టకూడదని పెదనాన్న ఆజ్ఞ. ఆ పిల్ల గుప్పెడు మట్టికి బదులు గుప్పెడు అన్నం తీసుకుని గుమ్మం దాటుతుంది. లోపలికి రమ్మంటే రానంటుంది.

ఈ ‘రాను’ అనే మాట అత్త రాస్తున్న రోజుల్లోనే అసలు కథ నడుస్తోంది. కాశత్త మామగారు రైల్వేలో గార్డు చేసి రిటైరయి పక్క ఊరు చరోదాలో ఉండేవారు. భార్య పోయింది, ఉన్న ఒక్క కొడుకూ పోయాడు. మేం గార్డు తాత అనేవాళ్ళం. నెలకోసారి నల్లకోటు తొడుక్కుని మా ఇంటికొచ్చి, భోంచేసి, ఏ మాటైనా తేలిందనిపిస్తే "రైట్" అని లేచేవారు. ఆయన రైట్ అన్నాక ఇక ఆ సంగతి కదిలిపోయినట్టే. ఆ చలికాలం వచ్చి, మా ఇంటి కోడలు మా ఇంట్లోనే ఉండాలి, నాకు వండిపెట్టే దిక్కు లేదు, తీసుకుపోతాను అన్నారు. అప్పటికే సెక్టర్లో కొత్తగా పెట్టిన బడిలో తెలుగు చెప్పడానికి కాశత్తని రమ్మన్నారు. సోమవారం చేరాలి, నాటకం శనివారం. ఆడపిల్లనిచ్చిన ఇల్లు అనే మొహమాటంలో నాన్న నోరు పెగల్లేదు. కాశత్త తలొంచుకుని "ఊఁ" అంది. ఆ ఊఁ అవునో కాదో ఎవరికీ తెలీదు. గార్డు తాత దాన్ని అవునుకింద జమకట్టి, "సెనివారం నాటకం సూసుకుని అట్నుంచటే ఎలిపోదుం. రైట్" అనేశారు. ఆ రాత్రి అత్త అన్నం పళ్ళెం కడగడానికి వెళ్ళి దొడ్లో చాలాసేపు ఉండిపోయింది. బడి అవకాశం మళ్ళీ రాదని నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు. ఆవిడ తరఫున ఆ ఒక్క మాట అనేవాళ్ళు మా ఇంట్లో లేకపోయారు.

రిహార్సళ్ళు మా ముందుగదిలో. అక్కడ ఒక చిక్కుంది. నైటు షిఫ్టు చేసొచ్చిన మగవాళ్ళు మధ్యాహ్నం పూట నిద్రపోతారు, క్వార్టర్ల గోడలేమో పల్చన. అందుకని మేం ఆ ఘోరాలన్నీ గుసగుసగా సాధన చేశాం. గుసగుసగా శపించుకున్నాం, గుసగుసగా కేకలు పెట్టాం. పక్క క్వార్టరు మేరమ్మ గారు పొడగరి కనక రష్యా మొగుడు వేషం ఆవిడది, ఆ మొగుడికి పెళ్ళాం ఆవిడ పెద్దకూతురు. స్నానాల గదిలో పెట్టాల్సిన చావుకేక మేరమ్మ గారు రోజూ నోరు మాత్రం తెరిచి, చప్పుడు లేకుండా పెట్టేవారు. పిల్లలమ్మ మా అమ్మ, పిల్లలు మా తమ్ముళ్ళిద్దరూ. మట్టమ్మ కాశత్త. మట్టమ్మ పెదనాన్న, అంటే అసలు కథలో రాజు, నేను. నాకు పదిహేడేళ్ళు, కొబ్బరిపీచు మీసం. పెద్దరికం కనబడే కోటు కావాలంటే గార్డు తాతే తన పాత నల్లకోటు ఇచ్చారు, బొత్తాలు ఊడిపోకుండా చూసుకోమని.

ఇక హాలు కావాలి. తెలుగు సంఘం సెక్రటరీ అప్పల్రాజు గారికి ఖుర్సీపార్లో కొట్టుంది. నట్లు, బోల్టులు, మిషను నూనెలు, గ్రీజు డబ్బాలు. కాశత్త ఆయన ముందు నిలబడి తన మామూలు గొంతుతో గ్రీకు ట్రాజెడీ నాటకం అంది. ఆయన వెనక ఉన్న అరల నిండా గ్రీజు డబ్బాలే. అప్పల్రాజు గారికి వినబడాల్సిందే వినబడింది. "గ్రీజు ట్రాజెడీయా తల్లీ? ఇన్నాళ్ళకి ఒకలకి బుద్ధి పుట్టినాది. ఎంతమంది కాళ్ళిరగ్గొట్టుకున్నారో నాకు తెల్దేటి? హాలు సంగతి నాకొగ్గీండి, మీరు యాట్టింగు సూసుకోండి" అన్నారు. కాశత్త సరిదిద్దిందట. సరిదిద్దింది కూడా ఆ గొంతుతోనే. ఆయన తిన్నగా ప్లాంటు సేఫ్టీ విభాగానికి వెళ్ళి, "లేడీస్ లోగ్ గ్రీజ్ పర్ నాటక్ కరేగా సాబ్" అని చెప్పేశారు. ప్రమాదాలు జరక్కుండా జనానికి బుద్ధులు చెప్పడం ఆ సాబ్ ఉద్యోగం. ఆయన చెప్పేవి ఎవరూ వినరు. ఆడవాళ్ళు తమంతట తాము గ్రీజు గురించి నాటకం వేస్తున్నారంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పనిచేసి, స్కూలు హాలు, తెర, కుర్చీలు అన్నీ ఇప్పించేశారు.

నాటకానికి ముందు ఆయనే స్వయంగా మా ఇంటికి రిహార్సలు చూడటానికి వచ్చేశారు. సగం చూసి, "ఇస్ మే గ్రీజ్ కహాఁ హై?" అని అడిగారు. ఇందులో గ్రీజు ఎక్కడుంది? మేరమ్మ గారు తడుముకోకుండా, "స్నానాల గదిలో సాబ్. అక్కడే జారిపడి పోతాను" అని హిందీలో చెప్పారు. సాబ్ చాలా సంతోషించి, పడ్డ ప్రతిసారీ ఎవరైనా హెచ్చరిక చెబితే ఇంకా బాగుంటుందన్నారు. అప్పుడు కాశత్త, గ్రీకువాళ్ళ నాటకాల్లో కోరస్ అని ఒక గుంపు నిలబడి ఉంటుందని, జరిగేదాన్ని చూస్తూ అయ్యో అలా చెయ్యకండి అని చెప్పడమే వాళ్ళ పనని మెల్లగా వివరించింది. నేను గట్టిగా తిరగ చెప్పాను. దాంతో సాబ్ ఆరుగురు ఆడవాళ్ళకి ప్లాంటు హెల్మెట్లు పంపించారు. ఎవరు పడ్డా సరే వాళ్ళు వెంటనే "నేల చూసి నడవండి! టోపీ పెట్టుకోండి!" అనాలి. కాశత్త దిగులుపడుతుందేమో అనుకున్నాను. ఆ ఇంగ్లీషు మేష్టారు చూస్తే ఈసారి నవ్వు ఆపుకోలేక పాఠం ఆపేసేవారు అంది.

శనివారం సాయంత్రానికి హాలు నిండిపోయింది. నాటకంలో నీళ్ళమ్మ, పిల్లలమ్మ, మట్టమ్మ అనే పేర్లున్నాయని తెలిసి ఖుర్సీపార్ నుంచి చాలామంది ఆడవాళ్ళు పసుపు కుంకాలతో వచ్చారు. అమ్మవార్లు నూకాలమ్మకీ పైడితల్లికీ వీళ్ళు అక్కచెల్లెళ్ళు అనుకున్నారు కాబోలు, తెర లేవగానే ఒకావిడ ముందుకొచ్చి కొబ్బరికాయ కొట్టి హారతిచ్చింది. క్రైస్తవురాలైన మేరమ్మ గారి కూతురు బుద్ధిగా హారతి కళ్ళకద్దుకుంది. ముందు వరసలో సేఫ్టీ సాబ్, పక్కన అప్పల్రాజు గారు, ఆ పక్కన గార్డు తాత. హాలు బయట రిక్షా. ఆ రిక్షా మీద తాడుతో కట్టిన కాశత్త ఇనప్పెట్టె. నేను లోపలికి వస్తూ దాన్ని చూశాను. నాటకం అయ్యాక మా అత్త మాతో ఇంటికి రాదు.

మొదలైన కాసేపటికే మా జబ్బు బయటపడింది. ఇన్నాళ్ళూ గుసగుసగా సాధన చేశాం కనక అందరికీ ఆ గుసగుసే వస్తోంది. ఉన్న ఒక్క మైకూ సాబ్ ఉపన్యాసం కోసం అట్టేపెట్టారు. జనం "జోర్ సే బోలో!" అని, "ఇనబడ్నేదమ్మా!" అని కేకలు. స్నానాల గది సీను వచ్చింది. అప్పల్రాజు గారు గ్రీజు ఒక చెంచాడు చాలంటే డబ్బా మొత్తం కుమ్మరించి, ఖాళీ డబ్బాని కంపెనీ బొమ్మ జనానికి కనబడేలా తిప్పిపెట్టి వెళ్ళారు. మేరమ్మ గారు బొచ్చుటోపీతో కాలు మోపి, ఆ పక్క తెరదాకా జారుకుంటూ పోయి, తెరలో చుట్టుకుని మాయమైపోయారు. చావుకేక మాత్రం అలవాటు ప్రకారం చప్పుడు లేకుండానే పెట్టారు. హెల్మెట్ల ఆడవాళ్ళు నేల చూసి నడవమని గుసగుసలాడారు. గ్రీజు తుడిచే మనిషిని మేం పెట్టుకోలేదు. తర్వాత సీనులో సంచులతో కొత్తమ్మ ఇంటికి వెళ్ళాల్సిన మా తమ్ముళ్ళిద్దరూ అక్కడ జారుడుబండ దొరికిందని కనిపెట్టి అటూ ఇటూ జారడం మొదలెట్టారు. అమ్మ నటన మర్చిపోయి ఇద్దరి చెవులూ మెలేసి లాక్కుపోయింది. అదే బ్రహ్మాండమైన నటన అని చప్పట్లు కొట్టారు.

చివరికి మట్టమ్మ సీను. నేను నల్లకోటులో, మీసంతో, గ్రీజు లేని వైపు నిలబడ్డాను. కాశత్త గుప్పిట్లో అన్నం పట్టుకుని అటు తిరిగి నిలబడింది. నేను ఉన్న గొంతంతా చేసుకుని, "వాడికి ఈ ఇంట్లో మెతుకు పెట్టకూడదు. లోపలికి రా" అన్నాను.

"రాను" అంది కాశత్త.

ఆ మాట హాలు వెనక గోడదాకా వెళ్ళింది. రోజూ రిహార్సల్లో ఊపిరిలా వినబడిన మాట అది. ఆవిడకి అంత గొంతుందని నాకు అప్పుడే తెలిసింది, ఆవిడకీ అప్పుడే తెలిసినట్టుంది. నేను తర్వాత అనాల్సింది మర్చిపోయి గుడ్లప్పగించాను. నా బదులు ముందు వరసలోంచి జవాబొచ్చింది.

"ఏటీ? రావా?"

గార్డు తాత లేచి నిలబడ్డారు. ఎదురుగా ఆయన కోటు తొడుక్కున్న మనిషి రమ్మంటుంటే ఆయన కోడలు రానంటోంది. నాటకమని ఎలా అనుకుంటారు? కాశత్త నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. చూసి, నన్ను ఒగ్గేసి పూర్తిగా ఆయన వైపే తిరిగింది.

"రాను మావయ్యా."

"సందూకం రిచ్చా మీద కట్టించీసినాను! రిచ్చావోడు బయట కూకున్నాడు!"

"దింపించెయ్యండి."

జనం ఈలలు వేశారు. నటుల్ని జనంలో కూర్చోబెట్టడం వాళ్ళెప్పుడూ చూడలేదు. "మా ఇంటి కోడలివి, మా ఇంట్లో ఉండవేటి? లోకం ఏటనుకుంటాది?" అన్నారు తాత. "మీకు రోజూ అన్నం వండి పంపిస్తాను. జ్వరమొస్తే వచ్చి చూసుకుంటాను. ఉండటానికి మాత్రం రాను. సోమవారం నుంచి నేను బళ్ళో పాఠాలు చెప్పాలి" అంది కాశత్త. సాబ్ పక్కకి వంగి, "బుడ్ఢా క్యా బోల్తా హై?" అని అడిగారు. అప్పల్రాజు గారు, "ఊపర్ ఆతా బోల్తా హై సాబ్. అమ్మాయి మత్ ఆవో బోల్తా హై, గ్రీజ్ హై కర్‌కే" అని, పెద్దాయన పైకొస్తానంటే అమ్మాయి గ్రీజుంది రావద్దంటోందని అనువాదం చేశారు. సాబ్ తల ఊపి చప్పట్లు కొట్టారు.

గార్డు తాత మెట్లెక్కి స్టేజీ మీదికి వచ్చారు. "పదమ్మా" అని చెయ్యి చాపి రెండడుగులు వేశారు. మూడోది గ్రీజు మీద పడింది. కాళ్ళు రెండూ పైకి లేచి, ఆయన ధబ్బున పడ్డారు. కాశత్త గొంతు విన్న ఊపులో ఉన్న ఆరుగురు హెల్మెట్ల ఆడవాళ్ళూ ఆ హాలు కప్పు ఎగిరిపోయేలా అరిచారు: "నేల చూసి నడవండి! టోపీ పెట్టుకోండి!"

అన్ని చప్పట్లు ఆ హాల్లో నేను మళ్ళీ వినలేదు. సాబ్ పక్కనుంచి జాగ్రత్తగా నడిచొచ్చి, మైకు తీసుకుని, ఉత్తమ నటుడు ఈ పెద్దాయనే అని ప్రకటించి, మూలుగుతున్న గార్డు తాత తల మీద బహుమతిగా కొత్త హెల్మెట్ పెట్టారు. నేనూ కాశత్తా చెరో రెక్కా పట్టుకుని లేపుతున్నాం. చీలమండ విరిగింది, నొప్పికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అంత నొప్పిలోనూ ఆయన చప్పట్లు ఏ వైపు నుంచి ఎక్కువ వస్తున్నాయో చూసుకోవడం నేను చూశాను. బయటున్న రిక్షాలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. విరిగిన కాలు కదలకుండా కాశత్త ఇనప్పెట్టె మీద పెట్టుకుని వెళ్ళారు.

సోమవారం కాశత్త బడిలో చేరింది. పొద్దున్న ఆస్పత్రిలో క్యారేజీ ఇచ్చి బడికి వెళ్ళేది, సాయంత్రం ఖాళీ క్యారేజీ తెచ్చుకునేది. మొదటి రెండు రోజులూ ఆయన అలకతోనే తిన్నారట. కానీ ఆస్పత్రిలో అందరూ ఆయన్ని చూడటానికి రావడం మొదలెట్టారు. "వాహ్ దాదా, క్యా గిరే!" అని నర్సులు, ఎలా పడ్డారో మళ్ళీ చెప్పమని పక్క మంచాలవాళ్ళు. నలభై ఏళ్ళు రైలు ఆఖరి డబ్బాలో ఒక్కడూ కూర్చుని, ఇంటికొచ్చాక కూడా ఒక్కడే ఉన్న మనిషి ఆయన. ఆ పొగడ్తలు తలకెక్కాయి. ఇంతలో సేఫ్టీ సాబ్ ఈ నాటకం ప్రతి సెక్టర్లోనూ, చరోదాలోనూ ఆడాలని పట్టుబట్టారు. ఆ కబురు తెలిసిన మర్నాడే గార్డు తాత చంకకర్రల మీద మా ఇంటికొచ్చి నాన్నని పక్కకి పిలిచారు. "బాబూ, పిల్లని ఇప్పుడు పంపించకు. అది మా ఇంటికొచ్చీసిందనుకో, మరి నాటకంలో నానేటి సెయ్యాలి? నా పార్టు ఎగిరిపోద్ది" అన్నారు. నాన్న మొహం గంటుపెట్టుకుని కాసేపు ఆలోచించినట్టు నటించి, పెద్దవారు మీ ఇష్టం అన్నాడు. "రైట్" అన్నారు గార్డు తాత.

ఆయన కాలు అతుక్కున్నాక ఎన్ని ఆటలాడామో గుర్తులేదు. ప్రతి ఆటలోనూ ఆయన ముందు వరసలోంచి లేచి మా ఇంటికి రమ్మని కేకలేసేవారు, ఆవిడ రాననేది, ఆయన పడేవారు. పరుపు వేస్తామంటే ఒప్పుకోలేదు, సహజంగా ఉండదట. ఆట అయ్యాక దోవ పొడుగునా కోడలికి పాఠం: "ఇయ్యాల ఆ రాను అన్నది బలంగా రానేదమ్మా. ఎనక బెంచీలోళ్ళకి ఇనబడాల. బళ్ళో అరిసి అరిసి గొంతు పాడుసేసుకోకు, ఆదోరం ఆటుంది." ఆమె నోటితో ఆ మాట అనిపించడానికి ఆయనంత కష్టపడ్డవాళ్ళు లేరు. అమ్మ మాత్రం, మొగుణ్ణి పోగొట్టుకున్న పిల్లకి మామగారు దొరికాడు అని ఒకటికి రెండుసార్లు అని కళ్ళొత్తుకుంది.

ఇదంతా విని మా మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వింది. వాళ్ళ నాటకానికి చొక్కా కాలరుకి తగిలించుకునే మైకులున్నాయట, గుసగుసలాడినా ఊరంతా వినబడుతుందట. నేను సంతోషపడ్డాను. మేం ఒక చిన్న మాట గట్టిగా అనడానికి ఎంత తతంగం కావలసి వచ్చిందో! అంతలో ఆ పిల్లకి వాళ్ళ నాన్న ఫోను. సెలవులయ్యాక నాటకాలు కట్టిపెట్టి పోటీపరీక్షల కోచింగులో చేరమంటున్నట్టున్నాడు. అప్పటిదాకా ఇల్లు ఎగరగొట్టిన పిల్ల, "జీ పాపా, హాఁ పాపా" అని గోడ వైపు తిరిగి సణిగింది. ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతు. మైకులు పెరిగాయి కానీ మా ఇళ్ళల్లో మధ్యాహ్నాలు ఇంకా ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉన్నట్టుంది. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ నాన్నతో నేనే మాట్లాడదామనుకున్నాను, మళ్ళీ ఆగాను. ఆ మాట ఆ పిల్లే అనాలి.

ఫోను పెట్టేసి, మొహం తుడుచుకుని, "ఫిర్ నానీ? ఆవిడ ఎప్పుడూ చరోదా వెళ్ళనే లేదా?" అని అడిగింది.

వెళ్ళింది. చాలా ఏళ్ళ తర్వాత. నాటకాలన్నీ ఆగిపోయాయి, అప్పటికి కాశత్త హెడ్ మిస్ట్రెస్. గార్డు తాత మంచాన పడ్డారని పక్కింటివాళ్ళెవరో చెబితే, బడికి సెలవు పెట్టి, బట్టలు సంచిలో సర్దుకుని బయల్దేరింది. తోడు నేను వెళ్ళాను. ఆయన కబురు పెట్టలేదు. గుమ్మంలో ఆవిణ్ణి చూసి, లేవలేక లేవలేక తల ఎత్తి, కోప్పడ్డారు.

"ఏటి, ఒచ్చీసినావా? డైలాగు మర్సిపోనావేటి?"

కాశత్త సంచి కింద పెట్టి, మంచం పట్టె మీద కూర్చుని, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"మర్సిపోనేదు మావయ్యా. ఈసారి మీరు రమ్మననేదు కదా, అందుకని ఒచ్చినాను."